దిష్టి చుక్క లేని పిస్తోలు

వడ్ల సిద్దయ్య పంచె తడిసిన నాడు చూసినవాళ్లు ఇబ్రహీంపట్నంలో చాలామందే ఉన్నారు. తీరా సాక్ష్యం చెప్పమంటే ఒక్కడూ చూడలేదు. ఒకాయన ఆ పూట బ్యాంకుకు పోయానన్నాడు. ఇంకొకాయన కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయానన్నాడు. అందరి గుమ్మాలూ ఎక్కి దిగి, అలిసిపోయి ఇంటికొచ్చిన కొడుకు పరశురాం మనసులో ఒకటే అనుకున్నాడు: వాడి పంచె కూడా తడవాలి, అదీ నలుగురి ముందర. అంతకు తక్కువైతే తన కడుపు మంట చల్లారదు. అంతకు ఎక్కువ తనకు అక్కర్లేదు.

వాడంటే రఘునందన్. ఊళ్లో పెద్ద భూస్వాముల ఇంటి మనిషి. చిన్నా పెద్దా అందరూ ‘పటేలా’ అనే పిలుస్తారు. తాతలనాటి వ్యవసాయం పక్కన పెట్టి ప్లాట్ల వ్యాపారంలోకి దిగాడు. ఔటర్ రింగు రోడ్డు వస్తోందట, ఆదిభట్లలో విమానాల కంపెనీలు పెడతారట అని మాట పుట్టగానే, మేకలు కూడా మేయని గుట్టలకు రెక్కలొచ్చిన రోజులవి. రఘునందన్ వేసిన వెంచరుకు రోడ్డు మీద పెద్ద గేటు కావాలి. గేటు రావలసిన చోట సిద్దయ్య వడ్రంగి కొట్టం ఉంది. నాగళ్లూ, బండి చక్రాలూ, ఊళ్లో సగం ఇళ్ల దర్వాజాలూ అక్కడ తయారైనవే. ఎంత అడిగినా సిద్దయ్య ఇవ్వనన్నాడు.

ఒక పొద్దున కూలీలు పని కోసం కొట్టం ముందరి అడ్డా మీద నిలబడి ఉండగా రఘునందన్ జీపు దిగాడు. నడుములోంచి పిస్తోలు తీసి, చిత్రిక పడుతున్న సిద్దయ్య నుదుటికి ఆనించాడు. ఇనుము చల్లగా తగిలేసరికి ముసలాయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కాళ్ల కింద చెక్కపొట్టు తడిసిపోయింది. రఘునందన్ పకపకా నవ్వాడు.

"పోయి పంచె మార్చుకో సిద్దయ్యా. మార్చుకొచ్చి సంతకం పెట్టు."

సిద్దయ్య పెట్టాడు. ఆనాటి నుంచి గడప దాటలేదు. చాయ్ హోటలుకు పోలేదు, పెళ్లికి పోలేదు, సొంత తమ్ముడు చనిపోతే పాడె దగ్గరికి కూడా పోలేదు. వాకిట్లో ఎవరి గొంతు వినబడినా లోపలి గదిలోకి వెళ్లి కూర్చునేవాడు. ఊరికి దర్వాజాలు చేసిచ్చిన మనిషి, తన దర్వాజా వెనకే దాక్కున్నాడు. కొట్టం పోయిన చోట రఘునందన్ సిమెంటు తోరణం కట్టించి, దాని మీద రెండు ఏనుగుల్ని నిలబెట్టాడు. పరశురాం ఆ దారిన పోయినప్పుడల్లా పళ్లు కొరికేవాడు. కొరికి కొరికి అరిగిపోయేవి పళ్లే గాని ఏనుగులకేమవుతుంది?

అది జరిగిన రోజు అతను ఊళ్లో లేడు, షూటింగులో ఉన్నాడు. చేతిపని తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు గాని, నాగళ్లు అడిగేవాళ్లు లేక సినిమా సెట్ల పనిలో చేరాడు. మొదట్లో థర్మాకోల్ స్తంభాలు చెక్కాడు. తర్వాత డమ్మీ గన్నులు చేయడంలో పడ్డాడు. అందులో అతన్ని మించినవాడు లేడని పేరొచ్చింది. ఆ పేరు ఇంట్లో మాత్రం చెల్లలేదు. సిద్దయ్యకు సినిమాలంటే గిట్టదు, కొడుకు చేసే తుపాకులంటే మరీ మంట. ఇంటికి తెచ్చి చూపించబోతే మొహం తిప్పుకునేవాడు.

"నాగలి చేసిన ఇంట్ల ఉత్తుత్తి తుపాకులేందిరా? నాకు సూపియ్యకు."

నిజంగానే ఒక్కదాన్నీ చూడలేదు.

పరశురాం చేసినవాటన్నిటిలో అతనికి ప్రాణమైనది ఒకటుంది. ఒక కొత్త డైరెక్టరు విదేశీ సినిమా సీడీ పట్టుకొచ్చి, తెర మీద బొమ్మ ఆపి, "మన విలన్ చేతిలో ఇదే ఉండాలి" అన్నాడు. అది స్విట్జర్లాండు సైన్యం వాడిన పాత పిస్తోలు, పీ టూ టెన్. సన్నగా, పొడుగ్గా, చెక్క పిడితో, పెద్దింటి మనిషిలా ఉంది. పరశురాం ఆ బొమ్మను ముందుకూ వెనక్కూ తిప్పి ఎన్నిసార్లు చూశాడో. ఇంకో సినిమాలో గూఢచారి చేతిలో, మరో దాంట్లో పడవ మీద తెల్లజుట్టు ముసలాయన చేతిలో అది మెరిసి మాయమయ్యేది. మిగతా పిస్తోళ్లకు పైభాగం చట్రం మీద ఎక్కి కూర్చుంటుంది. దీనికి మాత్రం చట్రం లోపల జారుతుంది, బల్లలో సొరుగు జారినట్టు. వడ్లవాడి కంటికి అదే నచ్చింది. ఎవడో దూరదేశపువాడు తమలాగే ఆలోచించాడనిపించింది.

టేకుతో చేశాడు. పైన ఇనప రేకు తొడిగి, లోపల సీసం పోసి బరువు తెచ్చాడు. పైభాగం కదలదు గాని, పట్టుకుంటే చల్లగా, బరువుగా, అచ్చం అసలుదే. అంతా అయ్యాక మేకు ఎర్రగా కాల్చి పిడి అడుగున ఒక చిన్న చుక్క పెట్టాడు. అది వాళ్ల ఇంటి పద్ధతి. పని మరీ బాగా కుదిరితే దిష్టి తగులుతుందని, ఏ వస్తువు చేసినా ఎవరికీ కనబడని చోట ఒక చుక్క కాల్చి గాని బయటికి పంపరు. ఊళ్లో దర్వాజాల అడుగునా, నాగళ్ల కిందా అన్నిటికీ ఆ చుక్క ఉంటుంది.

ఆ సినిమా చివరి భాగం రఘునందన్ తోట బంగళాలోనే తీశారు. షూటింగు అయిపోయిన రోజు పిస్తోలు కనబడలేదు. సామాన్లు చూసే బాలనర్సింహ పరశురాంను నానా మాటలూ అన్నాడు. సినిమా కూడా వచ్చిన వారానికే ఎగిరిపోయింది, ఊళ్లో ఎవరూ చూడలేదు. పరశురాం కొన్నాళ్లు బాధపడి మరిచిపోయాడు. ఆ తర్వాత తండ్రి నుదుటి మీదికి వచ్చింది లైసెన్సున్న ఫారిన్ పిస్తోలని ఊరంతా చెప్పుకుంటుంటే, తానూ అదే నమ్మాడు. తుపాకులు చేసేవాడై ఉండి కూడా అనుమానపడలేదు. పటేలు చేతిలో కట్టె తుపాకి ఉంటుందని ఎవడనుకుంటాడు?

కొన్నేళ్లకు ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ పాత సినిమా టీవీలో వచ్చింది. పరశురాం అన్నం తింటున్నాడు. సిద్దయ్య గోడకానుకుని చాయ్ తాగుతున్నాడు. తెర మీద విలన్ కారు దిగి, పట్టు రుమాలుతో పిస్తోలు తుడుస్తున్నాడు. తన చేతిపని టీవీలో చూసుకుని పరశురాం పొంగిపోయాడు. వంటింట్లో ఉన్న భార్య యమునను పిలిచి చూపిద్దామని నోరు తెరిచాడు. ఇంతలో చాయ్ గ్లాసు కింద పడిన చప్పుడైంది.

సిద్దయ్య గోడకు అతుక్కుపోయాడు. వేలు టీవీ వైపు చూపిస్తున్నాడు.

"గదేరా... గదే. పెట్టేముందు కండ్ల ముందర ఊపిండు. గదే నా నొసటికి పెట్టింది."

పరశురాం కంచం వదిలి లేచాడు. టీవీ కట్టేశాడు. తండ్రిని లోపల పడుకోబెట్టి, పెరట్లోకి పోయి, చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు. స్విస్ పిస్తోలు ఇబ్రహీంపట్నానికి ఎక్కడి నుంచి వస్తుంది? రఘునందన్ బంగళాలో పోయింది ఒక్కటే, అది తాను చేసింది. తన తండ్రిని పదిమందిలో చంపకుండా చంపింది తన పనితనమే.

యమున వెనకే వచ్చింది. విషయమంతా చెప్పాడు.

"రేపే పోత," అన్నాడు పరశురాం. "అడ్డా మీద నిలబడి చెప్త. పటేలు పిస్తోలు కట్టెదని ఊరు ఊరంతా చెప్త. వాని పరువు పెంట మీద పడుతది."

"అవ్, పడుతది," అంది యమున. "మరి మామ సంగతి ఏంది? కట్టె తుపాకికి పంచె తడుపుకున్నడని ఊరు ఎవరిని జూసి నవ్వుతది? గది గూడ కొడుకు చేసిన కట్టె తుపాకి."

ఆమె చెప్పింది నిజం. అసలు పిస్తోలుకు భయపడ్డాడంటే జాలిపడేవాళ్లయినా ఉంటారు. డమ్మీకి భయపడ్డాడంటే ముసలాయన గడప లోపల కూడా బతకలేడు. రఘునందన్ను బట్టలూడదీసి నిలబెట్టే నిజం చేతిలో ఉంది. దాన్ని బయటపెడితే ముందు చచ్చేది తండ్రి. ఆ రాత్రంతా పరశురాంకు కోపం రఘునందన్ మీద ఎంతుందో, తన చేతుల మీద అంతే ఉంది.

కాని ఆ నిజం పిస్తోలు ఎత్తుకుపోయినవాడికి కూడా తెలుసు, వాడూ దాన్ని బయటపెట్టలేడు. ఈ సంగతి తట్టిన రోజు పరశురాం కొత్త టేకు ముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

ఈసారి చేసింది పోయినదాని కంటే మేలైనది. పైభాగం మొత్తం ఇనుముతో చేసి, చట్రం లోపల జారేలా పట్టాలు రాసి రాసి కుదిర్చాడు. వెనక్కి లాగి వదిలితే ఖట్‌మని కడుపులో చలి పుట్టే చప్పుడు. ఆదివారాలూ సెలవులూ అన్నీ దానికే పోశాడు. అయిపోయాక మేకు కాల్చబోయి ఆగాడు. వాళ్ల ఇంట్లో దిష్టి చుక్క లేకుండా ఒక వస్తువు పూర్తవడం అదే మొదలు. దిష్టి తగిలితే తగలనీ అనుకున్నాడు. తగలాలనే కదా చేసింది.

దసరా దగ్గరపడింది. ఆ ఊళ్లో ఆయుధ పూజకు ఒక ఆనవాయితీ ఉంది. ఏ ఇంటి పనిముట్లకైనా మొదటి బొట్టు పెట్టేది వడ్లాయన. పెట్టేముందు ప్రతి పనిముట్టూ పని చేస్తుందో లేదో ఒకసారి ఆడించి చూడాలి. నాగలి ఎత్తి చూస్తాడు, రంపం లాగి చూస్తాడు, గొడ్డలి మొద్దు మీద వేసి చూస్తాడు. పనిచేయనిదానికి బొట్టు పెడితే ఏడాదంతా పని చెడుతుందంటారు. నాగళ్లు పోయి జేసీబీలు వచ్చాయి, ఆనవాయితీ మాత్రం పోలేదు. సిద్దయ్య మానేసినప్పటి నుంచి శేరిగూడ వడ్లాయన నారయ్య వచ్చి జేసీబీ ఎక్కి, తాళం తిప్పి, దిగి బొట్టు పెట్టి పోతున్నాడు.

పరశురాం రఘునందన్ ఇంటికి పోయాడు. వాకిట్లో సోఫాలో కూర్చున్నాడు పటేలు. పిస్తోలు ఒళ్లో ఉంది. మాట్లాడుతున్నంతసేపూ బొటనవేలు పిడి అడుగున రాస్తూనే ఉంది. వేలు జరిగినప్పుడు పరశురాంకు నల్లటి చుక్క కనబడింది. తన చుక్క. గుండెలో మంట నెత్తికెక్కింది. నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"ఈ యేడు బొట్టు నేనే పెడ్త పటేలా. బాపు తరఫున."

"ఇన్నేండ్లకు దారికొచ్చినవ్," అన్నాడు రఘునందన్, మీసం దువ్వుకుంటూ. "మీ అయ్యను గూడ తోలుకరా. నేనేం కొరకను." పక్కనున్నవాళ్లు నవ్వారు. పరశురాం కూడా నవ్వాడు. ఆ నవ్వు నవ్వడానికి పడ్డ కష్టం రెండో పిస్తోలు చేయడానికి పడలేదు.

పండుగ పొద్దున రఘునందన్ వాకిలి నిండిపోయింది. మేస్త్రీలు, డ్రైవర్లు, ప్లాట్లు కొన్నవాళ్లు, ఆ రోజు అడ్డా మీద నిలబడి ఏమీ చూడనివాళ్లు, అందరూ ఉన్నారు. పటేలు తల్లి లక్ష్మమ్మ అరుగు మీద కూర్చుని కుంకుమ కలుపుతోంది. చాప మీద కత్తులు, పారలు, సర్వే గొలుసులు, నడిమధ్యలో ఎర్రగుడ్డ మీద పిస్తోలు. రఘునందన్ తెల్లటి పట్టుపంచెలో మెరిసిపోతున్నాడు.

పరశురాం తన పనిసంచి పక్కన పెట్టుకుని చాప మీద కూర్చున్నాడు. ఒక్కొక్కటే తుడిచి, ఆడించి, బొట్టు పెట్టాడు. పార మట్టిలో దించి చూశాడు. జేసీబీ ఎక్కి చెయ్యి పైకి లేపించి దించాడు. పిస్తోలు వంతు వచ్చింది. అందరికీ వీపు చేసి, గుడ్డతో తుడుస్తూ, దాన్ని సంచిలోకి జార్చి, సంచిలోది చేతిలోకి తీసుకున్నాడు. గారడీవాడికైనా అంత నెమ్మది ఉండదు.

లేచి నిలబడ్డాడు. "దీన్ని గూడ ఆడిచ్చి సూడాలె గద పటేలా?"

నారయ్యలాగే ఊరికే తిప్పి చూసి బొట్టు పెడతాడులే అనుకున్నాడో ఏమో, రఘునందన్ పెద్దరికంగా చెయ్యి ఊపాడు. "సూడు, సూడు."

పరశురాం పైభాగం పట్టి వెనక్కి లాగి వదిలాడు. ఖట్!

రఘునందన్ మొహంలో నవ్వు సగంలో ఆగిపోయింది. తన పిస్తోలు పైభాగం ఎన్నడూ కదలలేదు. పరశురాం అతని ముందుకొచ్చి నిలబడి, పిస్తోలు నుదుటికి ఆనించాడు. అడ్డం రావడానికి ఒక్కడూ కదల్లేదు. పటేలుకు మాత్రమే వినబడేంత మెల్లగా మాట్లాడాడు.

"నీ దాని పిడి కింద చుక్క ఉంటది పటేలా. రోజు బొటనవేలుతోని రాస్తవ్ గద? దీనికి సూడు."

ఒక్కసారి దించి పిడి అడుగు చూపించాడు. నున్నటి టేకు. చుక్క లేదు. మళ్లీ నుదుటికి ఆనించాడు.

"సినిమాలల్ల మేం కట్టెవే చేస్తమనుకున్నవ్. అసలువి గూడ వస్తయ్, మాకాడనే ఉంటయ్. నువ్వు ఎత్తుకపోయింది నాది. గిది నాది గాదు."

రఘునందన్ కళ్లు ఇంతింతయ్యాయి. అది డమ్మీ అని అరవాలి, అరిస్తే ఇన్నేళ్ల పెత్తనం ఆ అరుపుతోనే పోతుంది. పైగా ఇప్పుడు నుదుటి మీదున్నది డమ్మీ కాదే!

"వద్దు... వద్దు పరశురాం. నీ కాల్మొక్త..."

పరశురాంకు కావలసింది అప్పుడే జరిగింది. పట్టుపంచె ముందు ఒకచోట నల్లబడింది, తర్వాత మోకాళ్ల దాకా పాకింది, చివరికి పాదాల కింద బండ మీద మడుగు కట్టింది. అడ్డా మీద ఏమీ చూడనివాళ్లు ఈసారి కళ్లు చించుకుని చూశారు. పరశురాం అప్పుడు మీట నొక్కాడు. టిక్‌మంది, అంతే.

"గుండ్లు లేనట్టున్నయ్ పటేలా," అన్నాడు గట్టిగా. "పనిచేస్తలేదు. దీనికి బొట్టు పెట్ట." చాప మీదికి వంగి, తుడిచే గుడ్డ చాటున సంచిలోని పాతది మళ్లీ ఎర్రగుడ్డ మీద పెట్టి, కొత్తది సంచిలో వేసుకున్నాడు.

లక్ష్మమ్మకు చూపు తక్కువ గాని నేల మీద నీళ్లు కనబడ్డాయి. కుంకుమ గిన్నె పక్కన పెట్టి, ఉన్న మాట ఉన్నట్టే అంది.

"పోయి పంచె మార్చుకో కొడుకా."

ఎవడో వెనక నుంచి కిసుక్కుమన్నాడు. తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. రఘునందన్ తడి పంచె కాళ్లకు చుట్టుకుంటుంటే లోపలికి నడిచాడు. ఆ నడక చూస్తూ నిలబడినప్పుడు పరశురాం గుండెలో ఇన్నేళ్ల మంట మీద చల్లటి నీళ్లు పోసినట్టైంది. జాలి కలుగుతుందేమోనని వెతుక్కున్నాడు గాని దొరకలేదు.

అతను ఇంటికి చేరేలోపే కబురు చేరింది. యమున గుమ్మంలో నవ్వుతోంది. సిద్దయ్య లోపలి గదిలోంచి నడింట్లోకి వచ్చి కూర్చున్నాడు.

"సంచిల ఏ పిస్తోలురా?" అని అడిగాడు, బయటికి కనబడుతున్న పిడి చూసి. "ఇయ్యి ఇటు."

"వద్దు బాపు. అసలుది. షూటింగోళ్లకాడ తెచ్చిన, ఇచ్చెయ్యాలె."

సిద్దయ్య చెయ్యి చాచే ఉంచాడు. ఇవ్వక తప్పలేదు. ముసలాయన పిస్తోలును ఒళ్లో పెట్టుకుని మొదట వణికాడు, తర్వాత వణుకు ఆగింది. పిడి మీద బొటనవేలితో రుద్దాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. పైభాగం వెనక్కి లాగి, పట్టాలు కుదిరిన తీరు చూసి, మళ్లీ లాగాడు. చివరికి తలకిందులు చేసి పిడి అడుగు చూశాడు.

"చుక్క పెట్టలేదేందిరా?"

పరశురాం పిస్తోలు తీసుకోబోయాడు. ముసలాయన వదల్లేదు.

"గా దినం నా నొసటికి పెట్టినదానికి పెట్టినవా?"

"...పెట్టిన బాపు."

యమున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తండ్రికి కోపమొస్తుందేమో, ఏడుస్తాడేమో అని పరశురాం ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"కండ్లు మూసుకున్నరా నేను. తెరిచి సూస్తే నా కొడుకు పనేనని తెలుస్తుండెనేమో. ఎన్నడు సూడకపోతిని గద నీ పని." సిద్దయ్య తల ఎత్తాడు. "వాడు? వాడు గూడ మూసుకున్నడా?"

"లేదు బాపు. తెరిచే ఉంచిండు. వాని దగ్గరున్నది కట్టెదని వానికెర్కనే. దీన్ని మంచిగ దగ్గరికెల్లి సూసిండు. సూసి సూసి తడుపుకున్నడు."

సిద్దయ్య గొంతులో ఏదో గరగరమంది. దగ్గు అనుకుని యమున నీళ్లు తేబోయింది. దగ్గు కాదు, నవ్వు. వాడకంలో లేక తుప్పు పట్టిన నవ్వు. కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వాడు. నవ్వి, పంచె చెంగుతో మొహం తుడుచుకుని, పొయ్యి దగ్గరికి పోయి మేకు ఒకటి నిప్పుల్లో పెట్టాడు. అది ఎర్రగా కాలాక పట్టకారుతో తీసి, పిడి అడుగున తన చేత్తో చుక్క పెట్టాడు. టేకు కాలిన వాసన ఇల్లంతా నిండింది.

"పని మస్తుగున్నది," అన్నాడు. "దిష్టి తగుల్తది."

సాయంత్రం జమ్మికి పోయేవాళ్ల డప్పులు వినబడ్డాయి. సిద్దయ్య ఉతికిన తెల్ల పంచె తెమ్మని కోడలికి చెప్పి, కట్టుకుని, కొడుకు కంటే ముందు గడప దాటాడు.